పద్నాలుగో ప్రశ్న

2023 ఆగస్టు 27

'ధమని'కి వత్తు పడలేదు. ప్రశ్నావళి మొదటి వాక్యంలోనే 'దమని' అని అచ్చయింది. నూట ఇరవై కాపీలు. ఎవరు చూస్తారమ్మా అన్నాడు ప్రెస్సాయన. నేను చూశాను కదండీ అన్నాను. మాతో రక్తం తీయడానికి వచ్చే స్టెల్లా అక్క నవ్వింది. ఈ పరిశోధన నడిపే జనార్దనరావు సార్ మాత్రం నవ్వలేదు. అమ్మాయి చెప్పింది నిజమే, మళ్ళీ వేయించమన్నారు. బాపట్ల కాలేజీలో ప్రాజెక్టు పనిలో చేరాక నా మాట మీద ఒక పని జరగడం ఇదే మొదటిసారి.

పాడైన కాపీలన్నీ సంచీలో కుక్కి రైల్లో తెనాలి దాకా, అక్కణ్ణుంచి ఆటోలో నందివెలుగు తెచ్చుకున్నాను. ఒకవైపు ఇరవై రెండు ప్రశ్నలు, రెండోవైపు తెలుపు. ఇక మీదట ఆ తెలుపు మీదే రాసుకుంటాను. ఎవరూ చదవరు కాబట్టి అబద్ధం రాయాల్సిన పని ఉండదు.

ఆగస్టు 30

ఎలాగూ మళ్ళీ వేయిస్తున్నారు కదా అని ప్రశ్నావళి ఇంకోసారి చదివాను. సార్ ఇంగ్లీషులో ఇచ్చిన ప్రశ్నల్ని తెలుగు చేసింది నేనే. మూడు చోట్ల కామాలు సరిచేశాను. పద్నాలుగో ప్రశ్న పూర్తిగా మార్చాను. పాతది మరీ పెళ్ళిళ్ళ పేరయ్య వీధరుగు మీద కూర్చుని అడిగినట్టుంది. ఇప్పుడు ఇలా ఉంది: 'మీరు, మీ జీవిత భాగస్వామి రక్తసంబంధీకులా?' పైకి చదివి చూసుకున్నాను. ఎంత నిండుగా ఉందో.

సార్ చదివి, "నీకు తెలుగు మీద ఇంత పట్టు ఎక్కడిది?" అన్నారు. ఆయన ఏ రోజూ రక్తం ముట్టుకోరు. జీవశాస్త్రాన్ని కంప్యూటర్లో చదివే మనిషి. ఎవరి గొంతులోనైనా మెప్పు వినపడితే నాకు చెవులు వేడెక్కుతాయి.

సెప్టెంబర్ 3

రక్తంలో ఒక రకం తెల్లకణాలుంటాయి. ధమని గోడలో కొవ్వు పేరుకుంటే లోపలికి దూరి దాన్ని మేస్తాయి. మేసి మేసి కదల్లేక అక్కడే చచ్చి, వచ్చిన దారికే అడ్డం పడతాయి. వాటికి తెలుగులో పేరు కోసం మూడు రోజులు వెతికాను. 'మేతకణాలు' అని పెట్టాను. మా ల్యాబ్‌లో ఇప్పుడు అందరూ అదే అంటున్నారు.

కాపాడటానికి వెళ్ళినవే దారి మూసేయడం. దీని మీద కవిత రాయాలి.

సెప్టెంబర్ 17

తెనాలి క్యాంపు. మొత్తం నలభై ఆరు జంటలు కావాలి, ఈ రోజుకి పదకొండు అయ్యాయి. సార్ ఆలోచన గొప్పది. ధమనుల జబ్బున్న మనిషిని తీసుకుంటాం. పక్కనే ఆయన భార్యనో, ఆమె భర్తనో తీసుకుంటాం. ఒకే వంట, వేరే రక్తం. ఇద్దరి మేతకణాల్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్ చేత చదివిస్తాం. జబ్బు రక్తంలోంచి వస్తోందో ఇంట్లోంచి వస్తోందో అక్కడ తేలిపోతుంది.

అమ్మనీ నాన్ననీ కూడా రమ్మన్నాను. నాన్నకి పోయినేడు రెండు స్టెంట్లు వేశారు కాబట్టి ఆయన జబ్బు వైపు, అమ్మ రెండో వైపు. అమ్మకి సూదంటే భయం. స్టెల్లా అక్క ఆమె చెయ్యి పట్టుకోగానే కళ్ళు గట్టిగా మూసేసుకుంది.

"ఇరవై అయిదేళ్ళు నన్ను మాటల్తో గుచ్చింది గదా, ఇవాళ తెలుస్తది," అన్నారు నాన్న.

"నువ్వు నోర్ముయ్ మావయ్యా," అంది అమ్మ కళ్ళు తెరవకుండానే. అందరూ నవ్వారు. భయం వేసినప్పుడు అమ్మ నోట ఆ పాత పిలుపే వస్తుంది.

వాళ్ళ ఫారాలు నేనే నింపాను. వాళ్ళని అడగాల్సిన పనేముంది, అన్నీ నాకు తెలిసినవే. పద్నాలుగో గడిలో క్యాంపంతా ఒకటే జవాబు. కాదు, కాదు, కాదు. కొందరైతే చెవులు మూసుకున్నంత పని చేశారు.

అక్టోబర్ 8

రేపల్లె క్యాంపు. స్టెల్లా అక్క వాళ్ళ ఊరు. పద్దెనిమిది జంటలు. మధ్యాహ్నం వాళ్ళమ్మ గారు రొయ్యల కూర పంపించారు. రుచి చెప్పడానికి మాటలు లేవు అని రాయబోయాను. మాటలు లేకపోవడమేంటి, వెతకాలి.

2024 ఫిబ్రవరి 11

నాన్న పోయారు.

ఫిబ్రవరి 26

అమ్మ మొదటి రోజు మావయ్యా అని ఏడ్చింది. తర్వాత ఏడవలేదు. నాయనమ్మ ఏడుస్తూనే ఉంది.

ఏ మాటా రావట్లేదు. నోటుపుస్తకంలో 'శూన్యం' అని రాసి, సిగ్గేసి కొట్టేశాను.

ఏప్రిల్ 2

కాలేజీకి వెళ్తున్నాను. సార్ సెలవు పొడిగించుకోమన్నారు. వద్దన్నాను. నాన్న రక్తంలోని కణాలు ఆరువేల చిల్లర నా కంప్యూటర్లో ఉన్నాయి. తెర మీద ఒక్కోటీ ఒక్కో చుక్క. పదకొండో జంట. ఆయన ఇంకా ఎక్కడైనా ఉన్నారంటే అక్కడే.

జులై 19

వచ్చేసింది.

కంప్యూటర్ మేతకణాల్ని పన్నెండు గుంపులు చేసింది. ఏడో గుంపువి ఊరికే రెచ్చిపోయే రకం, కొవ్వు కనపడకుండానే మేతకి తయారయ్యేవి. జబ్బున్న వాళ్ళలో అవి ఎక్కువ ఉన్నాయి. అది అనుకున్నదే. కానీ వాళ్ళ భార్యల్లో, భర్తల్లో కూడా సగటున ఎక్కువే ఉన్నాయి. పోలికకి రక్తమిచ్చిన మా కాలేజీ లెక్చరర్లు ముప్పై మందిలో లేవు.

రక్తం వేరు. వంట ఒకటి. కాబట్టి వంట.

"ఇల్లే జబ్బు నేర్పుతోంది లిఖితా," అన్నారు సార్. నాకు వెంటనే తట్టింది. "పొయ్యి నేర్పిన పాఠం సార్," అన్నాను. ఆయన బోర్డు మీద తెలుగులో రాయించారు. పరిశోధన పేపర్లో నాది రెండో పేరు అని కూడా చెప్పారు. రెండో పేరు! ఆయన పేరు పక్కన నా పేరు. హైదరాబాద్ పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ సీటు కావాలంటే అలాంటిదొకటి చేతిలో ఉండాలని అందరూ అంటారు.

జులై 21, ఆదివారం

ఇంట్లో చెప్పాను.

భోజనాల దగ్గర చెప్పాను. ఎంతో చక్కగా, ఎవరికైనా అర్థమయ్యేలా, మేతకణాల దగ్గర మొదలుపెట్టి. అమ్మ దొండకాయ వేపుడు వడ్డిస్తోంది. గరిటె మూకుట్లో పెట్టేసి అడిగింది.

"అంటే నా వంటేనా?"

"నీ వంటని కాదమ్మా. ఇంటి వంట."

"ఇంటి వంట ఎవరు చేశారు?"

 నాయనమ్మ అందుకుంది.

"మూకుళ్ళకి మూకుళ్ళు నూనె పోస్తుంటే నేను చూడలా? నా కూతురి కూతురివి, నా చేతిలో పెరిగినదానివని కోడల్ని చేసుకుంటే, నా కొడుకునే వేపుకు తిన్నావు గదే."

"ఆపు అమ్మమ్మా," అంది అమ్మ. అంతే అంది.

తన అత్తగారిని అమ్మ అత్తయ్యా అని ఎప్పుడూ పిలవలేదు. అమ్మమ్మా అనే పిలుస్తుంది. చిన్నప్పుడు నాకూ అదే అలవాటై, ఆవిణ్ణి నాయనమ్మా అని పిలవడం బళ్ళో వేశాక నేర్చుకున్నాను. ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలీదు.

ఆగస్టు 5

ఇంట్లో పోపు చిటపట వినపడి రెండు వారాలైంది. అమ్మ కూరలు ఉడకబెడుతోంది. ఉప్పు కూడా మానేసింది. నాయనమ్మ కోసం పచ్చడి జాడీ ఒక్కటి బయట ఉంచింది.

నిజం చేదుగానే ఉంటుంది. సైన్సు అంటే అదే మరి. బాధ కలుగుతుందని దాస్తామా?

ఆగస్టు 6

నిన్న రాసింది చదువుకున్నాను. వాక్యాలు బాగున్నాయి.

నవంబర్ 14

సైన్సు పత్రికవాళ్ళు మా పేపర్‌ని ముగ్గురు నిపుణులకి పంపారు. ఇద్దరు బాగుందన్నారు. మూడో ఆయన అడిగాడు: 'ఈ ప్రాంతంలో దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు మామూలు. భార్యాభర్తలు ఒకరికొకరు బంధువులు కారని ఎలా నిర్ధారించారు?'

చదవగానే ఒళ్ళు మండింది. ఇరవై రెండు ప్రశ్నలు అడిగిన వాళ్ళం, అది అడగమా? పట్టిక తీసి చూశాను. పద్నాలుగో గడిలో నలభై ఆరుకి నలభై ఆరూ 'కాదు'. మిగతా గడుల్లో ఖాళీలున్నాయి, కొట్టివేతలున్నాయి, వయసు దగ్గర 'యాభయ్యో అరవయ్యో' అని ఉంది. ఇంత శుభ్రమైన గడి మొత్తం పట్టికలో ఇంకోటి లేదు. జవాబు నేనే రాసిచ్చాను. సార్ ఒక్క అక్షరం మార్చలేదు.

ఇంకో ఆయన అయిదారుగురి రక్తం రెండోసారి చూడమన్నాడు. వచ్చే వారం స్టెల్లా అక్కతో రేపల్లె వెళ్ళాలి.

నవంబర్ 22

రేపల్లెలో కుసుమకుమారి గారి ఇల్లు. భర్తకి బైపాస్ అయింది. ఆవిడ స్టెల్లా అక్కకి చెయ్యి అప్పగించి నాతో కబుర్లు పెట్టుకున్నారు. నాన్న పోయిన సంగతి విన్నారట, ముందు మా అమ్మ ఎలా ఉందని అడిగారు. తర్వాత వాళ్ళ పెళ్ళి సంగతి ఎత్తారు. అప్పట్లో ఈయన అలిగి మూడు రోజులు అన్నం మానేశాట్ట, మేనత్త బతిమాలితే తిన్నాట్ట.

ఎవరి మేనత్త అని అడిగాను. ఊరికే, మాట కలపడానికి.

"నాకేనమ్మా. ఈయన వాళ్ళమ్మ మా నాన్నకి సొంత చెల్లెలు గదా."

చేతిలో ఫారం ఉంది. "ఫారంలో రక్తసంబంధం లేదని రాయించారు కదండీ," అన్నాను.

"లేదుగా మరి."

"ఇప్పుడే మేనత్త కొడుకన్నారు."

"అది మేనరికం తల్లీ. రక్తసంబంధం అంటే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూనూ. వాళ్ళనెవరన్నా చేసుకుంటారంటే? ఆ రోజు నువ్వట్లా అడిగితే, చదువుకున్న పిల్ల ఏంటి ఇంత పాడు మాట అడుగుతుందని మా ఆయన నొచ్చుకున్నాడు కూడాను."

స్టెల్లా అక్క సూది తీసి దూది అద్దింది. నా వైపు చూడలేదు.

తిరుగు రైల్లో వేమూరు దాటాక అక్క మెల్లిగా అడిగింది. "మీ అమ్మగారు మీ నాన్నగార్ని ఆ రోజు మావయ్యా అంది కదే."

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చేలు, చేలు, చేలు.

నవంబర్ 23

పదకొండో జంట. స్త్రీ: నాగజ్యోతి, 47. పద్నాలుగో ప్రశ్న: కాదు. అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉన్నాయి. నావే.

ఆమె ఆయనకి సొంత అక్క కూతురు. పుట్టినప్పటి నుంచీ నాకు తెలుసు. వేరే వాళ్ళంటే అడిగితే చెప్పారు. నేను నన్ను కూడా అడగలేదు. 'రక్తసంబంధీకులు' అన్న మాట చూడగానే నాకూ కుసుమకుమారి గారికి తోచిందే తోచింది.

నవంబర్ 24

ఇందాక ఈ కాగితాన్ని తిప్పాను. ఏడాదికి పైగా వీటి మీద రాస్తున్నాను, ఒక్కసారీ తిప్పి చదవలేదు. 'దమని'. వత్తు లేదు. కిందికి వచ్చాను. పద్నాలుగు.

'మీది మేనరికమా?'

నేనే రాశాను. నేనే కొట్టేశాను.

నిఘంటువు తీశాను. 'మేన' పక్కనే 'మేను' ఉంది. మేను అంటే ఒళ్ళు. మేనమామ, మేనత్త, మేనరికం. ఆ మాటలోనే ఒళ్ళుంది, రక్తముంది. నాకు అది వంటింటి మాటలా కనిపించింది.

డిసెంబర్ 9

వారం రోజులు వరండాలో నిలబడి ఫోన్లు చేశాను. ఒకటే ప్రశ్న. మీది మేనరికమా అండీ? ఎవ్వరూ నొచ్చుకోలేదు. కొందరు హుషారుగా చుట్టరికం మొత్తం చెప్పారు. కొల్లిపర నుంచి ఒకాయన, "మా ఆవిడ నాకు మేనకోడలమ్మా, ఎత్తుకుని తిప్పినవాణ్ణే కట్టుకుంది, అందుకే మాట వినదు," అన్నారు. నవ్వాను. నవ్వొచ్చింది నిజంగానే.

నలభై ఆరులో పంతొమ్మిది.

డిసెంబర్ 10

పంతొమ్మిది మేనరికం జంటల్లో, జబ్బు లేని మనిషికి కూడా ఏడో గుంపు ఎక్కువున్నవి పదిహేడు.

మిగిలిన ఇరవై ఏడు జంటల్లో రెండు.

బయటి సంబంధం చేసుకున్న వాళ్ళ ఇళ్ళలోనూ ఒకే పొయ్యి, ఒకే నూనె. వాళ్ళ భార్యలకి లేదు. వంట కాదు. రక్తం.

అమ్మ కాదు.

డిసెంబర్ 12

ఫోన్లో చెప్పిన మాటలు చాలవంటారేమోనని కంప్యూటర్లోనే చూశాను. కణాల్లోని జన్యువుల అక్షరాల్ని బట్టి ఎవరికెవరు ఎంత దగ్గరో లెక్క కట్టొచ్చు. సరిగ్గా ఆ పంతొమ్మిది జంటలే బయటపడ్డాయి. కంప్యూటర్‌కి మొహమాటం లేదు. ఏ మాట వాడి అడిగామన్న పట్టింపూ లేదు. నిరుడే అడిగి ఉంటే నిరుడే చెప్పేది.

రేపు సార్‌కి చెప్తాను. ఆయన సంతోషిస్తారు. ఇది ఇంకా పెద్ద విషయం కదా.

డిసెంబర్ 13

సార్ అంతా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. ఫ్లాస్కులోంచి నాకు కూడా టీ పోశారు. ఫోన్లో అడిగింది డేటా కాదన్నారు. ఆ ప్రశ్నకి ఎథిక్స్ కమిటీ అనుమతి లేదు, జవాబిచ్చిన వాళ్ళ సంతకాల్లేవు. కంప్యూటర్లోనూ అదే వచ్చింది సార్ అన్నాను. అది ఈ పేపర్ అడిగే ప్రశ్న కాదన్నారు. రెండో పేపర్‌లో చూద్దాం, అది నువ్వే రాద్దువుగాని అన్నారు.

నేను లేవలేదు. అప్పుడు చాలా మెల్లిగా అన్నారు.

"పోనీ, ప్రశ్న తప్పు అనువదించామని రాద్దాం. ఎవరు అనువదించారని అడుగుతారు. పేరు రాయమంటావా?"

గొంతులో కోపం లేదు. అదే గొంతు. తెలుగు మీద ఇంత పట్టు ఎక్కడిదని అడిగిన గొంతే.

టీ బాగుంది.

డిసెంబర్ 15

సార్ మాటలోనూ న్యాయం ఉంది. అనుమతి లేని ప్రశ్నని పేపర్లో ఎలా పెడతారు?

డిసెంబర్ 18

సవరణ తర్వాత కూడా వేయొచ్చు. పత్రికల్లో సవరణలు వేస్తూనే ఉంటారు.

డిసెంబర్ 19

మూడో నిపుణుడికి జవాబు పంపే ముందు అందరూ సంతకాలు పెట్టాలి. 'భార్యాభర్తలు రక్తసంబంధీకులు కారని ప్రశ్నావళి ద్వారా నిర్ధారించుకున్నాం.' అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అడిగాం. కాదన్నారు.

పెట్టాను.

స్టెల్లా అక్క వరండాలో ఎదురుపడింది. ఏం చేశావని అడిగింది. చెప్పాను.

"వత్తు లేదని నూట ఇరవై కాయితాలు అవతల పారేయించావు గదే," అంది.

2025 జనవరి 20

పత్రికవాళ్ళు పేపర్ తీసుకున్నారు. సార్ పూతరేకులు పంచారు. నావి నేను ఇంటికి తెచ్చి నాయనమ్మకి ఇచ్చాను. అమ్మ నెయ్యి ఉందని తినలేదు.

సవరణ తర్వాత వేయొచ్చు.

ఫిబ్రవరి 11

నాన్న సంవత్సరీకం. అమ్మ చేతి వంట వద్దని నాయనమ్మ వంటవాళ్ళని పెట్టించింది. అమ్మే వద్దందని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి 24

హైదరాబాద్ ఇంటర్వ్యూ. నలుగురు కూర్చున్నారు. ఈ పేపర్లో నీ వంతు ఏంటని అడిగారు. ప్రశ్నావళి అని చెప్పాను. తెలుగులో అడిగితేనే పల్లెల్లో మనుషులు నిజం చెప్తారని కూడా అన్నాను. తలలూపారు.

మార్చి 6

సీటు వచ్చింది.

ఎన్నేళ్ళుగానో కోరుకున్న మాట ఇది. రెండు పదాలు. రాసి చూశాను. మళ్ళీ రాశాను. సీటు వచ్చింది.

మార్చి 28

తెలుగు పేపర్లో జిల్లా పేజీలో వేశారు. సార్ ఫోటో. కింద నా పేరు, నందివెలుగు అమ్మాయి అని. శీర్షిక నేనన్న మాటే. 'పొయ్యి నేర్పిన పాఠం'.

మా స్కూల్లో చెప్పిన శ్రీలక్ష్మి టీచర్ గారు కటింగ్ చేసి ఇంటికి తెచ్చారు. నేను కాలేజీలో ఉన్నప్పుడు.

ఏప్రిల్ 3

అమ్మ ఆ కటింగ్‌ని నాన్న కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కాగితం నాలుగు మడతలు వేసి. పెట్టె దేవుడి గూట్లో ఉంది. ఇవాళ దీపం పెడుతుంటే చూశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఇక చెప్పాల్సిందే అనుకున్నాను. నాయనమ్మ పక్కింటికి వెళ్ళింది. అమ్మ తోటకూర కాడలు గిల్లుతోంది. ఎదురుగా కూర్చున్నాను. ఈసారి మేతకణాలు అనలేదు, పొయ్యి అనలేదు. మామూలు మాటల్లో చెప్పాను. నాన్నకి వచ్చింది ఆయన రక్తంలోంచే. నీ రక్తంలోనూ అదే ఉంది, ఎందుకంటే ఆయన నీకు మేనమామ కాబట్టి. బయటివాళ్ళని చేసుకున్న ఇళ్ళలో అలా లేదు. నువ్వు ఏం వండినా, ఏం వండకపోయినా జరిగేది జరిగేదే. నీ వల్ల కాదమ్మా.

అమ్మ విన్నది. కాడలు గిల్లడం ఆపలేదు.

"మరి పేపర్లో ఎందుకట్లా వేశారు?"

"తప్పు వేశారు."

"కింద నీ పేరుంది గదే."

నేనూ ఒక కాడ తీసుకుని గిల్లాను.

"నా బాధ చూళ్ళేక ఇప్పుడిట్లా అంటున్నావు. నాకు తెలీదంటే?" తోటకూర పళ్ళెం ఒళ్ళోంచి దించింది. "చిన్నప్పుడు నేను వెచ్చాల చీటీ రాస్తే, అందులో తప్పు దిద్దిగాని కొట్టుకి వెళ్ళేదానివి కాదు. నువ్వు తప్పని తెలిసి తెలిసి, దాని కింద నీ పేరు వేయించుకుంటావా? పిచ్చిదానా."

నా తల మీద చెయ్యి వేసి నిమిరింది. నీళ్ళకి తడిసిన చెయ్యి. ఆ చేతిని తీసేయమనలేకపోయాను.

ఏప్రిల్ 7

ఈ కాగితం మీద రాయబోతూ మళ్ళీ తిప్పాను. పద్నాలుగో ప్రశ్న ఎదురుగా గడి ఖాళీగా ఉంది. పెన్ను పట్టుకుని నింపాను. అవును.

పేరు రాసే చోట అమ్మ పేరు రాశాను. సంతకం చోటు ఖాళీగా వదిలేశాను.

ఇదే ఆఖరి కాపీ.

ఏప్రిల్ 7, మధ్యాహ్నం

అమ్మ తోటకూర వండింది. నూనె లేదు, పోపు లేదు, ఉప్పు లేదు. మారు వేయించుకుని తిన్నాను.